పదో పట్టీ

చింతపండులో గింజలు తీస్తున్నాను. కొత్త చింతపండు, వేళ్లకి బంకలా అంటుకుంటోంది. నా పక్కన పడకకుర్చీలో మా అత్తయ్య కళ్లు మూసుకుని ఉన్నారు. ఆవిడ కుడి దండచేతికి బూడిదరంగు పట్టీ కట్టి ఉంది. ఎదురుగా స్టూలు మీద మా ఆయన శ్రీకర్ కూర్చుని, ఒళ్లో ఉన్న చిన్న తెర మీద పాకే గీతల్ని చూస్తున్నారు.

"ఆరున్నరైంది. మొదటి షట్టరు దగ్గరికి వచ్చేశాం," అన్నారు అత్తయ్య.

నిజానికి అప్పుడు ఉదయం పది. ఆరున్నర అన్నది పట్టీలోని వేళ. మొన్న గురువారం ఒక లస్కరు కాలువ గట్టు మీద పొద్దున్నించి సాయంత్రం దాకా పడిన శ్రమంతా ఇరవై నిమిషాల్లో ఆవిడ ఒంట్లోంచి నడిచి వెళుతోంది.

మన కండరాలు రోజంతా మెదడుకి ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉంటాయట. మా ఆయన చేసిన పట్టీ ఆ మాటలన్నీ వింటుంది. దాని జత పట్టీని ఇంకొకరి దండకి కడితే విన్నదంతా వాళ్లకి అప్పజెబుతుంది. చూసినవి రావు, విన్నవి రావు, అనుకున్నవి రావు. నొప్పి వస్తుంది, అలుపు వస్తుంది, కాసేపు కూర్చుంటే కలిగే తెరిపి వస్తుంది.

అత్తయ్య పేరు ఇందుమతి. డెల్టా కాలువల సంస్థలో ఉద్యోగ సంబంధాల అధికారి. సంస్థకీ, దాని ఆరువందల మంది లస్కర్లకీ ఏ తగువు వచ్చినా ఆవిడ బల్ల ముందుకే రావాలి. ఇప్పటి తగువు నడక గురించి. ఒక్కో లస్కరు ఎనిమిది కిలోమీటర్ల గట్టు చూసుకోవాలి. ఎక్కడ గండి పడేలా ఉందో, ఏ తూముకి ఎవరు అడ్డం పెట్టారో చూసుకుంటూ, షట్టర్లు దించుతూ ఎత్తుతూ పోవాలి. అయిదు కిలోమీటర్లు చాలంటుంది యూనియన్. షట్టర్లకి మోటార్లు బిగించాక ఇంకా శ్రమేమిటి అంటుంది సంస్థ. ఆ మోటార్లలో సగం పనిచేయవు. లస్కర్లు ఇప్పటికీ ఇనప హ్యాండిలు మోసుకెళ్లి చేత్తోనే తిప్పుతారు. మూడేళ్లు కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. ఒకరోజు అన్నం తింటూ అత్తయ్య, "నాకు కాగితాలు వద్దురా. ఒక్కరోజు వాళ్ల కాళ్లు కావాలి," అన్నారు. మా ఆయన ఆ సంస్థ ప్రయోగశాలలోనే ఇంజనీరు. తల్లి మాటని ఊరికే పోనివ్వలేదు. పట్టీ తయారవడానికి రెండేళ్లు పట్టింది.

చీట్లు తీసి పదిమంది లస్కర్లని ఎంచారు. వారానికొక పట్టీ. పదీ అయ్యాక ఇందుమతిగారు ఏది రాసి సంతకం పెడితే దానికి రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. యంత్రం మీద ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. ఆవిడ సంతకం మీద అందరికీ ఉంది.

పట్టీ విప్పాక కూడా ఆ మనిషి మూడు రోజులు అత్తయ్య ఒంట్లోనే ఉండేవాడు. మూడో వారం అత్తయ్య గోడ పట్టుకుని మెట్లెక్కారు. ఆరో వారం ఎడమ చెయ్యి పైకి లేవక నేనే జడ వేశాను. ప్రతి ఆదివారం సాయంత్రం వేణ్ణీళ్లలో ఉప్పు వేసి ఆవిడ కాళ్లు పెట్టించేదాన్ని.

"ఈ కాళ్లు ఎవరివే తాయారూ?" అనేవారు.

"ఈ వారం అత్తిలి వైపువి అత్తయ్యా."

"అందుకే ఇంత మొండికేస్తున్నాయి."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. కానీ ఎనిమిదో వారం ఆవిడ అరికాల్లో తుమ్మముల్లు కనిపించింది. గుచ్చుకుని రెండు రోజులైంది, చుట్టూ చీము పట్టింది. నేను పిన్నీసుతో తీస్తుంటే ఆశ్చర్యంగా చూశారు. "అది నాదా? ఎవరిదోలే అనుకున్నానే," అన్నారు. ఆ మాటకి నాకు నవ్వు రాలేదు.

ఇది పదోది. వీర్రాజు అనే లస్కరుది. ఇదొక్కటీ అయితే గురువారం సమావేశంలో సంతకం పెట్టి ఆవిడ విశ్రాంతి తీసుకోవచ్చు.

"శ్రీకర్, కాస్త లోపలికెళ్లు నాన్నా," అన్నారు అత్తయ్య ఉన్నట్టుండి.

"రీడింగ్ మధ్యలో ఉందమ్మా."

"వెళ్లమన్నానా?"

ఆయన తెర పట్టుకుని లోపలికి వెళ్లారు. అత్తయ్య కళ్లు తెరవలేదు. ఎడమ చెయ్యి తుంటి మీదికి వెళ్లింది, ఏదో బరువుని అక్కడ ఆనించుకున్నట్టు. ఇంకాసేపటికి ఆవిడ ముఖం మారింది. సిగ్గూ నవ్వూ కలిసిన ముఖం. పెళ్లయి మూడేళ్లలో ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. పట్టీ ఆగిపోయాక కూడా కొంతసేపు అలాగే ఉన్నారు.

"తాయారూ, ఇది వీర్రాజు ఒళ్లు కాదే. ఆడమనిషిది."

నా చేతిలో గింజ ఆగిపోయింది.

"మిగతా తొమ్మిదిమందీ హ్యాండిలు భుజాన వేసుకున్నారు. ఇది చంకన పెట్టుకుంది, పిల్లని ఎత్తుకున్నట్టు. షట్టరు తిప్పినప్పుడల్లా పొత్తికడుపులో పాత కుట్టు లాగింది. నాకూ ఉందిగా ఆపరేషను కుట్టు, నాకు తెలీదా? ఇంకొకటి చెప్పనా? మగాళ్ల పట్టీలు ఆరింటికి మొదలైతే ఒళ్లు తేలిగ్గా ఉండేది, అప్పుడే నిద్ర లేచినట్టు. ఈ ఒళ్లు ఆరింటికే ఒక పూట పనిచేసి వచ్చింది."

అత్తయ్య కళ్లు తెరిచి నన్నే చూశారు.

"నీకు తెలుసా?"

"ఈవిడ తెలీదు. కానీ చిన్నప్పుడు మా బడి కాలువ లాకుల పక్కనే కదా అత్తయ్యా. అక్కడా అంతే. లస్కరుకి ఒంట్లో బాగోకపోతే వాళ్లావిడ నడిచేది. తర్వాత బాగున్నా ఆవిడే నడిచేది. లాకు కొలువు ఇంటిదని అనుకుంటారు, మనిషిది అనుకోరు. పిల్లలం అందరికీ తెలుసు."

"ముప్పై ఏళ్లు ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను. నాకు ఒక్కళ్లూ చెప్పలేదు."

"మీరు ఆఫీసరు కదండీ."

ఆవిడ పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకున్నారు. "మధ్యాహ్నం రెండింటికి ఎవరో పిక్కలు పిసికారే," అన్నారు మెల్లగా. "పది పట్టీల్లో ఇంకెవరికీ ఎవరూ పిసకలేదు."

* * *

మర్నాడు బస్సెక్కి ఇద్దరం పన్నెండింటికి వీర్రాజు లాకు దగ్గరికి చేరాం. సంస్థ జీపు వద్దన్నారు అత్తయ్య. కాలువ పక్కన రెండు గదుల సర్కారు ఇల్లు. గోడకి నీలిరంగు బోర్డు, దాని మీద లస్కరు పేరు. అప్పటికింకా ఒక్కటే పేరు ఉంది.

యాభై ఏళ్ల మనిషి పొద్దుటి గట్టు తిరిగొచ్చి బయట గిన్నెలు తోముతోంది. పేరు నూకరత్నం. అరుగు మీద మంచంలో వీర్రాజు, మాటలు వినిపించిన వైపు ముఖం తిప్పి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం అత్తయ్యకి కాకుండా పక్కనున్న అరటిచెట్టుకి వెళ్లింది. నీటికాసుల జబ్బు. పదకొండేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చి ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయట.

"ఆ పట్టీ ఎవరు కట్టుకున్నారమ్మా?" అనడిగారు అత్తయ్య, ఆఫీసు గొంతు లేకుండా.

"నేనేనండి. ఏం, సరిగ్గా కట్టుకోలేదేటండి?"

"ఇచ్చింది వీర్రాజుకి కదా?"

"గట్టెంబడి నడిసేవోళ్ల కోసమని కదండి ఇచ్చేరు? నడిసేది నేను. ఆయనకి కడితే మంచం మీద కూకున్న అలుపొత్తాది. ఆరువందల మందికీ తప్పు లెక్కెల్లిపోద్దని బయమేసిందండి."

"నే సెప్పేనండి మేడమ్‌గారూ," అన్నాడు వీర్రాజు. "నాకే కట్టవే, సంతకం నాదే కదా అని. ఇంటదేటండి? పదకొండేళ్ల నించీ నా మాట ఇనడం మానేసింది."

"నువ్వూరుకో. మాట ఇనకుండానే గట్టంతా తిరిగొచ్చేనా? రెండు సుట్లు దించమంటే రెండు సుట్లే దించుతున్నానా లేదా?"

అప్పుడు తెలిసింది మాకు. ఆవిడ నడుస్తుంది, ఆయన వింటాడు. లాకు తలుపుల సందులోంచి పడే నీటి చప్పుడు బట్టి మట్టం ఎంతుందో చెబుతాడు. ఏ షట్టరు ఎన్ని చుట్లు దించాలో ఆవిడ బయలుదేరేముందే లెక్క చెప్పి పంపుతాడు. మేము అక్కడున్నప్పుడే, "పైన ఎవరో తూము ఎత్తేరు. రెండంగుళాలు తగ్గింది," అన్నాడు. అత్తయ్య వెళ్లి కొలత రాయి మీద తడి గుర్తు చూసి వచ్చి, "రెండే," అన్నారు.

నూకరత్నం మజ్జిగ ఇచ్చింది. ఇచ్చి, పక్కన నిలబడి, అడగాలా వద్దా అన్నట్టు కొంగు వేలికి చుట్టుకుంది.

"మేడమ్‌గారండీ, నా ఒళ్లు మీకు తెలిసిపోయిందేటండి?"

"తెలిసింది."

"మొత్తమా?"

"మొత్తం."

"మద్దేనం కూడానా అండి?"

అత్తయ్య మజ్జిగ గ్లాసులోకి చూస్తూ, "అదీ," అన్నారు. నూకరత్నం కొంగుతో ముఖం కప్పేసుకుంది. లోపలినించి నవ్వు వినిపించింది. "మరి నొప్పి మీరు పట్టికెల్లిపోతే నాకు లేకుండా పోవాలి కదండి? ఈయేళ కూడా ఉందేటి మరి!"

"రెండు ముక్కలైంది," అన్నారు అత్తయ్య, నడుం పట్టుకుని.

తర్వాత విషయం చెప్పారు. దాచి సంతకం పెట్టచ్చు. కానీ జూన్ నుంచి ప్రతి షట్టరు దగ్గరా వేలిముద్ర హాజరు రాబోతోంది. ఇప్పుడు దాస్తే అప్పుడు దొరుకుతారు, అప్పుడది దొంగతనమే అవుతుంది. నిజం రాస్తే రేపే ఈ ఉద్యోగం తీసేయమనచ్చు. ఉద్యోగంతో పాటు ఈ ఇల్లూ పోవచ్చు. ఉద్యోగం ఈవిడ పేరున మార్చమని తను అడుగుతారు, ఇస్తారని మాట ఇవ్వలేరు.

"మీ ఒళ్లు, మీ మాట. రాయమంటారా, వద్దా?"

"వద్దండి," అన్నాడు వీర్రాజు వెంటనే. "ఈ వయసులో గూడు పోతే ఎక్కడికెల్తామండి?"

నూకరత్నం కాలువ వంక చూసింది. నీళ్లు తలుపుల సందులోంచి పడుతున్నాయి. ఆవిడకి ఆ చప్పుడు ఏమీ చెప్పదనుకుంటాను, గట్టు చెబుతుంది.

"రాయండమ్మా," అంది. "పదకొండేళ్లు ఆయన పేరుతో నడిసేను. ఒక్క రోజైనా నా పేరుతో నడుత్తాను. గూడు పోతే మీ ఇంటికే వొచ్చేత్తాం. నా కాళ్లు మీకు ఎలాగూ తెలుసు కదండి."

మేము బస్సు కోసం గట్టెక్కుతుంటే వెనక్కి చూశాను. ఆవిడ అరుగు మీద కూర్చుంది. వీర్రాజు తడుముకుంటూ ఆవిడ కాలు ఒళ్లోకి తీసుకుని, బొటనవేళ్లతో పిక్కలు నొక్కుతున్నాడు. ఇంకా రెండు కాలేదు. ఇవాళ ముందే మొదలుపెట్టినట్టున్నాడు.

* * *

బుధవారం సాయంత్రం యూనియన్ కార్యదర్శి సూర్యచంద్రంగారు మా ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆఫీసులో అత్తయ్యతో దెబ్బలాడి, ఆ తర్వాత మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లే మనిషి. సంగతి ఆయనకి ముందే చెప్పాలని అత్తయ్యే పిలిపించారు.

విని కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "తొమ్మిది చాలండి మేడమ్‌గారూ. పదోది చెడిపోయిందని రాసేయండి. యంత్రాలన్నాక చెడిపోవా?"

"అది చెడిపోలేదండీ!" అన్నారు మా ఆయన, పౌరుషం వచ్చి.

"మరైతే ఏం చేద్దామంటారు బాబూ?"

"తుడిచేద్దాం."

"నేను అన్నదీ అదేగా!"

నేను నవ్వు ఆపుకుని గ్లాసులు తీశాను. అత్తయ్య నవ్వలేదు.

"సూర్యచంద్రంగారూ, లాకుల మీద ఇలాంటి ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు?"

ఆయన నేల వంక చూశారు.

"మీకు తెలుసు," అన్నారు అత్తయ్య.

"తెలుసండి. మా అమ్మా నడిచింది."

"మరి మూడేళ్లలో మీరు నాకిచ్చిన ఒక్క కాగితంలోనూ ఆ మాట లేదేం?"

"రాస్తే ఉద్యోగాలు పోతాయి కదండి. రేపు మీరు చెప్పినా అదే అవుతుంది. మీ సంస్థ పెద్దాయన ఇదంతా మోసం అంటాడు. పది పట్టీలూ చెత్తబుట్టలో వేస్తాడు. ఒక్క ఇంటి కోసం ఆరువందల మంది ఎనిమిది కిలోమీటర్లూ నడవాలా?"

ఆ మాటలో న్యాయం ఉంది. అత్తయ్యకీ అది తెలుసు. కుర్చీలో ఒరిగి, ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకున్నారు.

"పదోది తీసేస్తే వీర్రాజు ఉంటాడు, ఇల్లు ఉంటుంది, అదీ జూన్ దాకా. ఆవిడ మాత్రం ఎక్కడా ఉండదు," అన్నారు చివరికి. "పట్టీ అబద్ధం చెప్పలేదండీ. పదకొండేళ్లుగా అబద్ధం చెప్పింది మన హాజరు పుస్తకం. ఆ మాట నేను చెబితే, ముసలావిడకి జాలెక్కువైంది అంటారు." కొడుకు వైపు తిరిగారు. "నువ్వు చెబితే రుజువవుతుంది. ఈ ఒళ్లు ఆడమనిషిది, ఈ పని నిజంగా జరిగింది అని చేసినవాడివి నువ్వు నిలబడి చెప్పాలి. రేపు నాతో రా."

"చెబితే ఏమంటారో తెలుసా అమ్మా? ఎవరు కట్టుకున్నారో కూడా కనిపెట్టలేని యంత్రం అంటారు. రెండేళ్లు చేశాను. ఇంకే శాఖా దీన్ని ముట్టుకోదు."

"ముట్టుకోకపోవచ్చు."

"నేను రాను."

అత్తయ్య బలవంతపెట్టలేదు. సూర్యచంద్రంగారు వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "రేపు నేను మీకు ఎదురు మాట్లాడాల్సి వస్తుందేమోనండి," అన్నారు.

"ముప్పై ఏళ్లుగా అదేగా చేస్తున్నారు. రేపొక్కరోజు పక్కన కూర్చుంటే ముద్ద దిగదా?"

ఆయన తల గోక్కుంటూ వెళ్లిపోయారు.

* * *

గురువారం అత్తయ్య ఏడున్నరకే బయలుదేరారు. నేను ఇచ్చిన ఉప్మా సగం తిని, ఫైలు సంచిలో పెట్టుకుని, కొడుకు గది వంక ఒకసారి చూసి, "వెళ్లొస్తానే తాయారూ," అన్నారు. గడప దాటేటప్పుడు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకున్నారు, తడి గట్టు మీద నడవబోతున్నట్టు.

పట్టీల జత స్టూలు మీదే ఉంది. మా ఆయన వరండాలోకి వచ్చి వాటి పక్కన కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. తాగలేదు.

నేను మాటకారిని కాను. ఆయనతో వాదించడం నాకు రాదు. కానీ పది వారాలుగా చూస్తున్నది ఒకటుంది, అది మాత్రం అడిగాను.

"మీరు దీన్ని ఒక్కసారీ కట్టుకోలేదు కదండీ?"

"కొలిచేవాడు కట్టుకోకూడదు. కొలత చెడుతుంది."

"కొలవడం అయిపోయిందిగా," అని నేను దొడ్లోకి వెళ్లిపోయాను.

కుళాయి దగ్గర బకెట్టు పెట్టి తిరిగి చూసేసరికి, ఆయన పట్టీ కట్టుకుని అత్తయ్య కుర్చీలో ఒరిగి ఉన్నారు. మొదలైన నిమిషానికే నొసలు ముడిపడింది.

"తాయారూ, ఇదేదో తేడాగా ఉంది. ఆరింటికే ఇంత అలుపేమిటి? మొదలు సరిగా రికార్డు కాలేదా?"

"అయింది. ఆవిడ నాలుగింటికి లేచి ఉంటుంది."

"నాలుగింటికా? ఎందుకు?"

నేను తడి చేతులు కొంగుకి తుడుచుకున్నాను. "నీళ్లు పట్టాలి. వంట చెయ్యాలి. ఆయనకి స్నానం చేయించి అన్నం పెట్టి వెళ్లాలి. నేను నాలుగున్నరకి లేస్తాను. మనింట్లో కుళాయి ఉంది కాబట్టి."

ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. మళ్లీ మూసుకున్నారు.

నేను నా పని చేసుకుంటూనే చూశాను. ఎడమ చెయ్యి తుంటి మీదికి వెళ్లింది. షట్టరు షట్టరుకీ పళ్లు బిగుసుకున్నాయి. ఒకచోట, ఏ కిలోమీటరు దగ్గరో, రెండు చేతులూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. తర్వాత ఒక్కసారిగా భుజాలు దిగాయి, కాళ్లు వదులయ్యాయి. రెండు గంటలైందని నాకు అర్థమైంది. ఆయన ముఖం మీద, ఆదివారం అత్తయ్య ముఖం మీద చూసిందే చూశాను. ఇరవై నిమిషాలూ అయ్యాక కూడా లేవలేదు. తన రెండు అరచేతులూ ముందుకి చాపి, బొటనవేళ్ల వంక చూస్తూ కూర్చున్నారు.

బకెట్టు నిండి పొర్లుతోంది. నేను వెళ్లి ఎత్తబోతుంటే, వెనకనించి వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు. వంటింట్లో పెట్టి వచ్చారు. పట్టీలు రెండూ రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు. తెర తీసుకుంటారేమోనని అందించబోయాను. అది స్టూలు మీదే వదిలేశారు.

పక్కవీధికి వెళ్లినా "వెళ్లొస్తా" అనకుండా గడప దాటని మనిషి. ఈసారి ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని, స్కూటరు వంక కూడా చూడకుండా గేటు తీసుకుని, ఆఫీసు వైపు నడిచారు. ఎడమ తుంటి కాస్త బయటికి వంచి, దాని మీద బరువైనదేదో జారిపోకుండా పట్టుకున్నట్టు, మలుపు తిరిగేదాకా అలాగే నడిచారు.